మేము అడుగని మాట

ధ్యాన భాగములు: 2 సమూయేలు 12:1-13, యోహాను 8:1-11

కోలారు బంగారు గనులు మొదలుకొని బెంగళూరు వరకు, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురము చుట్టుప్రక్కల చెదరియున్న మన తెలుగు బాప్తిస్టు కుటుంబములకు ఈ పత్రిక చేరుచున్నది. మీ యెదుట ఒక సంగతి ఒప్పుకొనవలెనని చాల కాలముగా అనుకొనుచుంటిమి. ధైర్యము చాలలేదు. ఇప్పుడు వయస్సు అరువది దాటినది, ఉద్యోగ విరమణయు అయినది. ఇంకను దాచియుంచుటకు కారణము మాకు కనబడలేదు.

సంగతి గర్భస్రావమును గూర్చినది. తనంతట తాను పోవు గర్భమును గూర్చి కాదు, చేయించుకొనునదానిని గూర్చి. ప్రసంగ వేదికమీద ఈ మాట పలుకుటకు మన పెద్దలు ఇష్టపడరు. పలికినయెడల తీర్పుగా మాత్రమే పలుకుదురు. మేమును అట్లు పలికినవారమే.

మమ్మును గూర్చి రెండు మాటలు. మా తాతగారు నెల్లూరు జిల్లానుండి బంగారు గనులలో పనికి వలస వచ్చినవారు. తండ్రిగారు గని పని వద్దని చింతామణి చేరిరి. (ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి, మా తాతగారి కాలములో ఆ మాట ఎవరైన చెప్పినయెడల నవ్వియుందురు.) మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని, కైవార చుట్టుప్రక్కల పల్లెలలో ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పితిమి. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. ఈ ప్రాంతమంతయు అట్టిదే. ఇక్కడి నారేయణ తాతయ్యగారు కూడ రెండు భాషలలోను కీర్తనలు వ్రాసినవారే గదా. సంఘములో మేము మొదట సండేస్కూలు నడిపి, తరువాత కార్యదర్శియై, తరువాత పెద్దగా ఎన్నుకొనబడితిమి. చేతివ్రాత బాగుండునని సంఘ మినిట్సు పుస్తకము మా చేతికే ఇచ్చిరి. ఈ చేతివ్రాత సంగతి తరువాత వచ్చును.

దావీదు కథ మీరు ఎరుగుదురు. ఊరియా భార్యను తీసికొని, ఊరియాను యుద్ధములో ముందు నిలువబెట్టించి చంపించిన తరువాత దావీదు ఏమి చేయుచుండెను? న్యాయపీఠము మీద కూర్చుండి యుండెను. రాజ్యము నడుచుచునే యుండెను. నాతాను ప్రవక్త వచ్చి, ఐశ్వర్యవంతుడొకడు బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొనిపోయిన కథ చెప్పగానే దావీదు కోపముతో మండిపడెను. అంతటి కోపము ఎక్కడనుండి వచ్చినది? న్యాయము మీది ప్రేమవలననే అని మేము సండేస్కూలులో పిల్లలకు చెప్పుచుంటిమి. ఇప్పుడు అట్లు చెప్పము. తన పాపమును మూటగట్టి అటకమీద పెట్టినవానికి ఎదుటివాని పాపము చాల పెద్దదిగా కనబడును.

2003వ సంవత్సరములో మా సంఘములో ఒక సహోదరి యుండెను. పేరు వ్రాయము. శిడ్లఘట్టలో పట్టుదారము తీయుచోట ఆమె పని. వేడి నీళ్ళ తొట్టిలో చేయి పెట్టి, ఉడికిన గూళ్ళలో దారపు కొన వెదకి పట్టుకొను పని అది. ఆదివారము ఆరాధనలో పాటల పుస్తకము పట్టుకొన్నప్పుడు ఆమె వ్రేళ్ళు నానిన తెలుపుతో కనబడుచుండెను. భర్త టొమోటో మండీలో బరువులు మోయువాడు. ఇద్దరు పిల్లలు. ఎప్పుడును కానుక తప్పినది కాదు.

ఆ యేడు ఆమె గర్భము తీయించుకొనెనని సంఘములో గుసగుసలు పుట్టినవి. ఆసుపత్రిలో ప్రక్క మంచమున నున్న ఒకామె తెచ్చిన వార్త. పెద్దలము కూడితిమి. అయిదుగురము. అయిదుగురమును పురుషులమే. ఆరాధన మందిరము వెనుక గదిలో ఆ సహోదరిని నిలువబెట్టితిమి; కుర్చీ వేయవలెనని ఎవరికిని తోచలేదు. ప్రశ్న అడిగినవారము మేమే. ఎందుకనగా మేము బడిపంతులము, అడుగుట మాకు అలవాటు.

“చేయించుకొన్నావా, లేదా?”

“చేయించుకున్నా అయ్యవారూ. డాక్టరమ్మ ఏమి చెప్పిందంటే...”

“కారణములు వద్దమ్మా. అవునా, కాదా?”

“అవును.”

అంతే. పది నిమిషములు కూడ పట్టలేదు. ఆరు మాసములు ప్రభువు బల్లకు దూరముగా నుండవలెనని, ఆ తరువాత సంఘము ముందు క్షమాపణ కోరవలెనని తీర్మానము. ముత్యములవంటి అక్షరములతో మినిట్సులో వ్రాసితిమి. ఆ ఆదివారము 139వ కీర్తనమీద వాక్యము చెప్పినవారము కూడ మేమే. తల్లి గర్భములో దేవుడు మనలను నిర్మించుటను గూర్చి చాల చక్కగా చెప్పితిమని పలువురు మెచ్చుకొనిరి. ఆమె వెనుక బల్లమీద కూర్చుండి విని, పిల్లలను తీసికొని వెళ్ళిపోయెను. ఆరు మాసములైనను రాలేదు. ఏడాదియైనను రాలేదు. గర్వము వలన రాలేదని మేము చెప్పుకొంటిమి.

ప్రియులారా, మన బాప్తిస్టులలో బిషపు లేడు. పైనుండి ఆజ్ఞ వచ్చినది, మేమేమి చేయుదుమని చెప్పుటకు మనకు దారి లేదు. సంఘమే చేర్చుకొనును, సంఘమే దూరపరచును. ఈ స్వాతంత్ర్యమును మన పితరులు గొప్పగా చెప్పుకొనిరి, అది మంచిదే. అయితే తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎవరి నెత్తిమీద ఉండునో కూడ ఈ పద్ధతిలోనే స్పష్టము.

తొమ్మిది యేండ్లు గడచినవి.

2012 నవంబరులో పత్రికలన్నిటిలోను ఒక వార్త వచ్చినది. మీలో చాలమందికి జ్ఞాపకముండును. మన కర్ణాటకలోని బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, సవితా హలప్పనవర్, 31 యేండ్లు. భర్తతో ఐర్లాండు దేశములో నుండెను. పదునేడు వారముల గర్భము. గర్భము నిలువదని వైద్యులకు తెలిసినది. తీసివేయుడని ఆమె అడిగెను. బిడ్డ గుండె కొట్టుకొనుచున్నంతవరకు ఈ దేశములో తీయుటకు వీలులేదని వారు చెప్పిరి. గుండె ఆగువరకు కనిపెట్టిరి. అంతలో రక్తములో విషము వ్యాపించి, 2012 అక్టోబరు 28న ఆమె మరణించెను. ఆ మరణము ఆ దేశమును కదిలించెను. 2013లో తల్లి ప్రాణాపాయమునకు సంబంధించి ఒక చట్టము చేసిరి. 2018 మే 25న ప్రజల ఓటు తీసికొని, రాజ్యాంగములోని నిషేధమునే తొలగించిరి. నూటికి అరువది ఆరుగురు తొలగించుటకే ఓటు వేసిరి. క్రైస్తవ దేశమని పేరొందిన దేశము అది.

మా భార్య ఆ కన్నడ పత్రికను వరండాలో కూర్చుండి చదువుచుండెను. పదునేడు వారములు అను చోట ఆగి, పత్రికను మడిచి ఒళ్ళో పెట్టుకొనెను. చాల సేపటికి మాతో అన్నది: “ఆ పట్టుపని పిల్లను నిలబెట్టి అడిగితిరి గదా. తొంబై ఒకటిలో మిమ్మల్ని ఎవరు నిలబెట్టినారు?”

ఇది మేము దాచిన మూట.

మాకు 1986లో ఒక కుమార్తె, 1988లో మరియొక కుమార్తె పుట్టిరి. 1991లో మూడవ గర్భము. మా తల్లిగారు అప్పటికి బ్రతికియుండిరి. వంశము నిలుపుటకు ఒక మగబిడ్డ వలెనని ఆమె ప్రతి దినము ప్రార్థన చేయుచుండెను, మాకు వినబడునట్లే చేయుచుండెను. చింతామణినుండి బస్సెక్కి బెంగళూరుకు పోయి, ఒకచోట స్కానింగు చేయించితిమి. అప్పటికి మన రాష్ట్రములో దానిని అడ్డగించు చట్టము లేదు. లింగ పరీక్షను నిషేధించు చట్టము 1994లో పుట్టి, 1996 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. కాబట్టి అక్కడివారు రహస్యముగా కాక బాహాటముగానే చెప్పిరి: ఆడబిడ్డ.

తరువాత ఒక చిన్న ఆసుపత్రిలో దానిని తీయించితిమి. ఆడబిడ్డ అను కారణముతో గర్భము తీయుటకు ఏ చట్టమును ఎన్నడును అనుమతింపలేదు. 1971 చట్టములో వివాహిత స్త్రీకి గర్భనిరోధక సాధనము విఫలమైనయెడల అను ఒక వీలు కలదు. కాగితముమీద అదే వ్రాసిరి. స్త్రీ ఒక్కతె సమ్మతించిన చాలునని చట్టము చెప్పుచున్నది గనుక సంతకము మా భార్య చేసెను. సంతకము ఆమెది, మాట మాది.

ఈ వ్యాసమంతట “మేము” అని వ్రాయుచున్నాము. పెద్దలు వ్రాయు వాడుక అది. అయితే ఈ ఒక్క చోట ఆ మాట చాటున దాగకూడదు. ఆ దినమున మా భార్య వద్దనెను. బస్సులో వెళ్ళునప్పుడు అన్నది, స్కానింగు తరువాత అన్నది, ఆసుపత్రి వాకిట కూడ అన్నది. వలెనన్న నోరు ఒక్కటే. అది ఈ వ్రాయుచున్న మనిషిది.

తిరిగి వచ్చునప్పుడు హొసకోటె దాటిన తరువాత ఆమె కిటికీ చువ్వకు తల ఆనించి కూర్చుండెను. మేము వేరుశనగకాయలు కొనితిమి. ఎందుకు కొంటిమో ఇప్పటికిని తెలియదు. ఆమెకు పొట్లము ఇచ్చితిమి. ఆమె తీసికొని ఇంటివరకు చేతిలోనే పట్టుకొనెను. సంఘములో ఎవరికిని తెలియలేదు. మమ్మును ఎవరును అడుగలేదు. ఆ తరువాత ఆదివారము మేము ప్రభువు బల్లలో పాలుపొందితిమి, చెయ్యి వణకలేదు. ఆమె ఆ దినమున తలనొప్పియని ఇంటనుండెను.

దావీదునకు నాతాను కావలసివచ్చెను. మాకు ఇంటిలోనే, ఇరువది యేండ్లకు పైగా, నాతాను అన్నము వడ్డించుచుండెను. మేము గుర్తింపలేదు.

2013 జనవరిలో, సెలవు పెట్టి, బాగేపల్లి వైపు పల్లెకు మారియున్న ఆ సహోదరి ఇంటికి వెళ్ళితిమి. మా భార్యయు వచ్చెను. ఆమె మమ్మును చూచి లేచి నిలువబడి కుర్చీ వేసెను. మేము ఆమెకు వేయని కుర్చీ. ఆనాడు ఏమి జరిగెనో చెప్పుమని అడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి ఇనుప పెట్టెలోనుండి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక కాగితము తెచ్చి యిచ్చెను. వైద్యురాలి చీటి, ఇంగ్లీషులో. మేము చదివితిమి. చిన్నతనములో కీళ్ళ జ్వరము వచ్చి, గుండెలోని కవాటము ఒకటి ముడుచుకొని సన్నగిలినది. రెండవ కాన్పులో ఊపిరితిత్తులలో నీరు చేరి చావు తప్పి బ్రతికెను. గర్భిణి దేహములో రక్తము మామూలుకంటె దాదాపు సగము వంతు పెరుగునట; మంచి గుండెయైన తట్టుకొనును, ఇరుకైన కవాటము తట్టుకొనలేదు. మూడవ గర్భము మోసినయెడల తల్లి దక్కకపోవచ్చునని, ఉన్న ఇద్దరు పిల్లలను తలంచుకొనుమని వైద్యురాలు వ్రాసెను. పదవ వారములో తీసిరి. ఆ తరువాత బెంగళూరులో జయదేవ ఆసుపత్రిలో బెలూనుతో ఆ కవాటమును వెడల్పు చేసిరట.

“ఈ చీటి ఆనాడు నీ దగ్గర ఉన్నదా అమ్మా?” అంటిమి.

“కొంగులో కట్టుకొని వచ్చినా అయ్యవారూ. నాకు చదివేకి రాదు, మీకు వస్తుంది గదా అని. మీరు అడగలా.”

ఇంగ్లీషు చదువగలిగినవారము ఆ గదిలో మేమొక్కరమే. దేవుడు మాకు అక్షరము ఇచ్చినది దేనికి? ఆ కాగితము చదువుటకే యుండవచ్చును. మేము దానితో తీర్మానము వ్రాసితిమి.

క్షమించుమని అడిగితిమి. ఆమె క్షమించితినని వెంటనే చెప్పలేదు, అట్లు చెప్పవలెనని మేము ఆశించుటయు తప్పే. సంఘమునకు తిరిగి రమ్మని పిలువగా, “బల్ల దగ్గర తట్ట పట్టుకొని వచ్చేది మీరే గదా? మీ చేతిలోది తీసుకొనేకి నాకు ఇంకా మనసు రాదు” అన్నది. కోపముగా కాదు, ధర చెప్పినట్లు చెప్పినది.

ఇప్పుడు మీలో కొందరు అడుగుదురు: అయితే అయ్యగారూ, గర్భస్రావము పాపము కాదందురా? అట్లు చెప్పుటకు ఈ కాగితములు ఖర్చు చేయలేదు. 139వ కీర్తన మారలేదు. యిర్మీయాను దేవుడు గర్భములో రూపింపకమునుపే ఎరిగెనను సంగతి మారలేదు. ఎలీసబెతు గర్భములో శిశువు గంతులు వేయుట మారలేదు. కడుపులోని బిడ్డ దేవుని దృష్టిలో నున్నదని మేము మునుపటికంటె ఎక్కువగా నమ్ముచున్నాము. 1991లో నమ్మియుండినయెడల ఎంత బాగుండును! మారినది అది కాదు. తల్లియు దేవుని దృష్టిలో నున్నదను సంగతి అప్పుడు మా లెక్కలో లేదు. ఆమెకు ఒక గుండె, ఇద్దరు పిల్లలు, ఒక చీటి ఉన్నవను సంగతి లేదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో గర్భవతికి దెబ్బ తగులు సంగతిని గూర్చిన విధిని పండితులు రెండు విధములుగా చదువుదురు. బిడ్డ నష్టమును గూర్చియే ఆ విధి యని కొందరు, కాదని కొందరు. అయితే తల్లికి హాని జరిగినయెడల ప్రాణమునకు ప్రాణమని దేవుడు లెక్క అడుగుచున్నాడనుటలో తగవు లేదు.

మనకు సువార్త తెచ్చిన అమెరికా బాప్తిస్టులు కూడ ఈ విషయములో ఒకే మాటమీద లేరు. దక్షిణ బాప్తిస్టుల మహాసభ 1971లో, బలాత్కారము, తీవ్రమైన అంగవైకల్యము, తల్లి ఆరోగ్యము వంటి సందర్భములలో చట్టము అనుమతింపవలెనని తీర్మానించెను. అదే మహాసభ 1980నాటికి గట్టిగా ఎదురు తిరిగి, 2003లో ఆ పాత తీర్మానములకు విచారము తెలిపెను. నెల్లూరు, ఒంగోలు మిషనులను నాటిన సమాజమునకు వారసులైన అమెరికన్ బాప్తిస్టు సంఘములు 1988లో మరియొక విధముగా చెప్పిరి: జీవము దేవుని వరము, బాధ్యత తప్పించుకొనుటకు గర్భము తీయుటను ఎదిరింతుము, అయినను మా సభ్యులలో భిన్నాభిప్రాయములున్నవని ఒప్పుకొనుచున్నాము అని ఆ తీర్మానపు సారాంశము. మునుపు ఇది మాకు పిరికిమాటగా తోచెను. ఆ కాగితము చదివిన తరువాత, తెలియని చోట తెలియదనుట పిరికితనము కాదని తోచుచున్నది.

మరియొక మాట, స్త్రీలు చాటుగా అడుగునది. ఒక తల్లి మా భార్యను అడిగెను: ఆ బిడ్డ ఏమైనది, బాప్తిస్మము లేక పోయినది గదా? మన విశ్వాసములో నీళ్ళు రక్షింపవు. నమ్మినవారు మాత్రమే బాప్తిస్మము పొందుదురు. కాబట్టి బాప్తిస్మము లేదను భయము మనకు పొసగదు. దావీదు తన బిడ్డ చనిపోయిన తరువాత లేచి, స్నానము చేసి, ఆ బిడ్డ తనయొద్దకు తిరిగి రాదు గాని తానే ఆ బిడ్డయొద్దకు పోవుదునని చెప్పుకొనెను. మా భార్య ఆ అధ్యాయమును ఆ తల్లికి చదివి వినిపించి, తానును ఏడ్చెను. మేము ప్రక్క గదిలో నుంటిమి.

యోహాను 8వ అధ్యాయములో పట్టుబడిన స్త్రీని తెచ్చిరి. ఆమెతో నున్న పురుషుడెక్కడ? వాక్యము అతని జాడ చెప్పదు. ధర్మశాస్త్రము ఇద్దరిని శిక్షింపుమని చెప్పినను, తెచ్చినది ఒకతెనే. 1991లో మేమే ఆ కనబడని పురుషుడము, 2003లో రాయి పట్టుకొనినవారము. ఒకే మనిషి రెండు పనులును చేయగలడు. చట్టమునకు ఈ సంగతి మనకంటె ముందే తెలిసినది. లింగ పరీక్షల నిషేధ చట్టములో, గర్భిణి ఆ పరీక్షకు వెళ్ళినయెడల భర్తగాని బంధువులుగాని బలవంతపెట్టిరనియే మొదట భావింపవలెనని వ్రాసియున్నది. ఎవరో మా ఇంటిని చూచి వ్రాసినట్లున్నది.

ఇది పాత సంగతి, చట్టము వచ్చినది, అంతా సరిపోయినదని అనుకొనకుడి. ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991 జనాభా లెక్కలలో 945 మంది; 2001లో 927; 2011లో ఇంకను తగ్గిరి. 2023లో మన రాష్ట్రములోనే మండ్య జిల్లాలో, బెల్లము వండు ఆలెమనెలో స్కానింగు యంత్రము పెట్టి ఆడబిడ్డలను పట్టి చూపు ముఠాను పోలీసులు పట్టుకొనిరి. కైవారను ఏకచక్రపురమని, బకాసురునికి ఇంటికొకరు వంతున బలియైన ఊరని ఇక్కడివారు చెప్పుకొందురు. మాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు ఆ వార్త చదివి, “రాక్షసుడు పోయినా వంతు పోలేదు సార్” అన్నాడు. అతడు క్రైస్తవుడు కాడు. మన సంఘములలో ఎవరైన ఆ మాట అన్నట్లు మేము వినలేదు.

ఎందుకనరు? కట్నము మన ఇండ్లలోను ఉన్నది గనుక. పెండ్లి పత్రికమీద వాక్యము అచ్చువేయుదుము, తెరవెనుక మోటారు సైకిలు, బంగారము మాటలాడుకొందుము. 1961నుండి నిషేధమున్న కట్నమును ఇచ్చి పుచ్చుకొనినవారిని ప్రభువు బల్లనుండి దూరపరచిన మినిట్సు మా పుస్తకములో ఒక్కటి లేదు. వెదకి చూచితిమి. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి, కుమారులు లేరని మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని అడుగగా, వారి మాట న్యాయమని దేవుడే సెలవిచ్చెను. మగబిడ్డ లేనియెడల వంశము పోవునని మా తల్లిగారు ప్రార్థించునప్పుడు ఆ అధ్యాయము చదివి వినిపించుటకు మాకు నోరు రాలేదు. ఫరో మగపిల్లలను చంపి ఆడపిల్లలను బ్రతుకనియ్యుడని ఆజ్ఞ ఇచ్చెను; షిఫ్రా, పూయా అను మంత్రసానులు దేవునికి భయపడి వినలేదు. మేము ఫరో ఆజ్ఞను తిరగవేసి పాటించితిమి.

2013 మార్చిలో సంఘ సభలో మా రెండు సంగతులును చెప్పితిమి. మొదట మా పాపము, తరువాత మా తీర్పు. కొందరు సహోదరులు, ఇరువది యేండ్ల సంగతి ఎందుకు త్రవ్వుట అనిరి. ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్ళెను; ఆయన ఇంటి సంగతి ఆయనకు తెలియును. 2003 తీర్మానము తప్పని సభ ఒప్పుకొని, మినిట్సులో వ్రాయించెను. ఈసారి వ్రాసినది మేము కాదు. ఆరు మాసములు ప్రభువు బల్లకు దూరముగా నుండెదమని మేమే కోరితిమి, సభ ఇష్టములేకనే అంగీకరించెను. తట్ట మోయుట ఆనాటినుండి మానితిమి. ఇంకొక ఏర్పాటు కూడ జరిగినది: ఇటువంటి విషయములలో ఏ సహోదరిని పురుషుల గదికి పిలువరాదు. వయస్సు మళ్ళిన ఇద్దరు తల్లులు ఆమె ఇంటికి పోయి, మొదట ఆమె చెప్పునది వినవలెను.

చట్టము కూడ మన స్త్రీలు తెలిసికొనియుండుట మంచిది. 2021 సవరణ ప్రకారము ఇరువది వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయము, కొన్ని సందర్భములలో ఇరువది నాలుగు వారములవరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము కావలెను. పెండ్లి కానివారికిని ఇదియే వర్తించునని సుప్రీం కోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పెను. పెద్దయైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలును; భర్త సంతకము అక్కరలేదు. ఆమె పేరు బయట పెట్టుటయు నేరమే. ఆడబిడ్డయని తీయుట మాత్రము నేడును నేరము. నాటు మందులవాని దగ్గరకు చాటుగా పోయి ప్రాణము మీదికి తెచ్చుకొనినవారిని ఈ పల్లెలలో మేము చూచితిమి. అట్లు పోవుటకు పెద్దల గది భయము కూడ ఒక కారణము.

ఆ సహోదరి 2014లో ఒక ఆదివారము వచ్చెను. తలుపు దగ్గరి బల్లమీద, కూతురి ప్రక్కన కూర్చుండెను. ఆ దినమున తట్ట తీసికొని వెళ్ళినది పాస్టరుగారి భార్య. మేము ముందు వరుసలో నుంటిమి గనుక వెనుకకు తిరిగి చూడలేదు. మా భార్య చూచెను. తీసికొనెనని చెప్పినది.

ఈ వ్యాసము పంపకమునుపు మా భార్యకు చూపితిమి. ఆమె రెండు తేదీలు సరిదిద్దెను, మరేమియు తీసివేయమనలేదు. తరువాత కుమార్తెలిద్దరిని కూర్చుండబెట్టి చదివి వినిపించితిమి. పెద్దది మధ్యలో లేచి వంటింటిలోనికి వెళ్ళెను. చిన్నది చివరివరకు విని, “నేను పుట్టేటప్పుడు స్కానింగు ఉండుంటే నాన్నా?” అని అడిగెను.

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆమె కొంతసేపు చూచి, కాగితములను వరుసగా సర్ది, కవరులో పెట్టి, మరుసటి దినమున బెంగళూరు వెళ్ళుచు తానే తపాలాలో వేసెను.